ఎనిమిదింపావుకి ఆ దారి నడిచి చూడండి

(బదిలీల మీద విజయనగరానికి కొత్తగా వచ్చిన తల్లిదండ్రుల కోసం జూన్ నెలాఖరున ఒక ఆదివారం జరిగిన సమావేశంలో విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి వచ్చేయండమ్మా, ఇటు గోడ వారన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లల్ని చాప మీద కూర్చోనివ్వండి. వాళ్లు మాట్లాడుకున్నా నాకేం ఇబ్బంది లేదు. ముప్పై నాలుగేళ్లు పిల్లల గోల మధ్యే మాట్లాడాను.

ఇందాక మీరు ఒక్కొక్కరూ ఎక్కణ్ణుంచి వచ్చారో చెబుతుంటే విన్నాను. మెడికల్ కాలేజీలో చేరినవాళ్లున్నారు, కలెక్టరేట్‌కి బదిలీ అయినవాళ్లున్నారు, బ్యాంకులవాళ్లు, రైల్వేవాళ్లు, భోగాపురం ఎయిర్‌పోర్టు పని మీద వచ్చినవాళ్లు ఉన్నారు. కొందరు ఇంకా లాడ్జిలోనే ఉన్నారు. కొందరు చుట్టాలింట్లో సామాన్లు దింపి, రోజూ టూలెట్ బోర్డులు చూసుకుంటూ తిరుగుతున్నారు. బడులు తెరిచి రెండు వారాలు దాటింది కాబట్టి మీ టెన్షన్ నాకు అర్థమవుతోంది. అందరూ అడిగింది ఒకటే: "మేడమ్, ఏ ఏరియాలో ఇల్లు తీసుకుంటే మంచి స్కూలు దొరుకుతుంది?"

ఏరియా పేరు చెప్పడం పెద్ద పని కాదు. కానీ నేను దాసన్నపేట అన్నాననుకోండి, మీరు రేపే వెళ్లి అడ్వాన్స్ ఇచ్చేస్తారు. మీ ఆఫీసు ఎటు, మీ పాప ఎన్నో తరగతి, సాయంత్రం ఇంట్లో ఎవరుంటారు, ఇవేవీ నాకు తెలియకుండా చెప్పిన పేరు మీకేం పనికొస్తుంది? అందుకని ముందు మీరు నాకు మూడు జవాబులు చెప్పాలి. మీ పిల్ల పొద్దున్న ఎన్నింటికి లేవాలి? సాయంత్రం ఎన్నింటికి ఇల్లు చేరాలి? చేరేసరికి తలుపు తీసేది ఎవరు? ఈ మూడూ తేలాక ఇల్లూ బడీ వెతకడం సులువు. ఇవి తేలకుండా ఎంత పేరున్న బడిలో వేసినా ఏడాది తిరక్కుండా మళ్లీ ఇల్లు మారతారు.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. మా ఇంట్లో జరిగింది.

మా ఆయన బ్యాంకు ఉద్యోగి. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. శ్రీకాకుళంలో కొన్నాళ్లు, బొబ్బిలిలో కొన్నాళ్లు ఉన్నాం. తర్వాత నాకు నెల్లిమర్ల దగ్గర పోస్టింగ్ వచ్చింది, ఆయన్ని ఒడిశాలో బ్రాంచికి వేశారు. బాబు అప్పుడు ఏడో తరగతి, పాప మూడు. బంధువులు, తోటి టీచర్లు, అందరూ ఒకటే మాట. "పిల్లల చదువు కోసమైనా వైజాగ్‌లో ఉండండి. మీరు అప్ అండ్ డౌన్ చేసుకుందురు గాని." ఈ జిల్లాలో ఉద్యోగాలు చేసేవాళ్లలో ఎంతమంది అలా పొద్దున్న రైలెక్కి వచ్చి సాయంత్రం రైలెక్కి పోతారో మీకు తెలిసే ఉంటుంది. అరవై కిలోమీటర్లు అంటే దగ్గరే అనిపిస్తుంది. మేమూ అలాగే అనుకున్నాం. వైజాగ్‌లో బాగా పేరున్న బడిలో ఇద్దర్నీ చేర్చి, ఆ ఊళ్లోనే ఇల్లు తీసుకున్నాం.

నేను ఆరింపావుకి ఇంట్లోంచి బయల్దేరేదాన్ని. పిల్లల బస్సు ఏడుంబావుకి. ఆ గంటసేపూ బాబే చెల్లికి జడ వేసి, టిఫిన్ పెట్టి, బూట్ల లేసులు కట్టేవాడు. ఇంటి తాళంచెవి నల్లతాడుకి గుచ్చి వాడి మెడలో వేశాను. సాయంత్రం వాళ్లు వచ్చేది అయిదున్నరకి, నేను వచ్చేది ఏడింటికి.

ఒక అక్టోబరు సాయంత్రం. పొద్దుటినుంచీ వాన. నా రైలు కొత్తవలసలో గంటన్నర ఆగిపోయింది. ఇంటికి చేరేసరికి ఎనిమిదీ ముప్పావు. మెట్ల మీద లైటు లేదు. మూడో మెట్టు మీద మా పాప పుస్తకాల సంచీ తల కింద పెట్టుకుని నిద్రపోతోంది. యూనిఫాం సగం తడిసి, సగం ఒంటి మీదే ఆరింది. మా వాడు పక్కనే గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, చేతిలో వాటర్ బాటిల్. ఆటల పీరియడ్లో తాడు తెగి తాళంచెవి ఎక్కడో పడిపోయిందట. పక్కింటివాళ్లు ఊళ్లో లేరు. "కూర్చోకుండా ఎందుకు నిలబడ్డావు నాన్నా?" అంటే, "కూర్చుంటే నాకూ నిద్రొచ్చేస్తుందమ్మా, చెల్లి ఒక్కత్తీ అయిపోద్ది" అన్నాడు. పన్నెండేళ్ల పిల్లాడు. ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే నా గొంతు పట్టేస్తుంది. చూడండి, ఇప్పుడు కూడా.

ఆ బడి మంచిదే. టీచర్లు మంచివాళ్లు. ఇంటినీ బడినీ ఉద్యోగాన్నీ మూడు చోట్ల పెట్టిన తప్పు మాది. ఆ ఏడాది పరీక్షలవగానే సామాన్లు లారీకెత్తించి విజయనగరం వచ్చేశాం. తోటపాలెంలో రెండు గదుల ఇల్లు, బడికి తొమ్మిది నిమిషాల నడక. ఆ బడికి అంత పేరు లేదు. మావాళ్ల చదువేమీ పాడవలేదు. పాపకి సాయంత్రాలు తొక్కుడుబిళ్ల ఆడుకోవడానికి వీధిలో నలుగురు దొరికారు. అన్నం బాక్సు ఖాళీగా ఇంటికి రావడం నేను మొదటిసారి అక్కడే చూశాను. అంతకు ముందు అందులో సగం మిగిలిపోయి వచ్చేది. పొద్దున్నే వండి మూతపెట్టిన అన్నం మధ్యాహ్నానికి ఆ పిల్ల ఎలా తింటుంది?

నేను లెక్కల టీచర్ని కదా, ఒక లెక్క వేసి చూపిస్తాను. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకి ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలంటుంది. మీ పిల్లాడు బస్సులో పోను 70 నిమిషాలు, రాను 70 నిమిషాలు గడుపుతున్నాడనుకోండి. రోజుకి 140 నిమిషాలు. 220 రోజులకి 30,800 నిమిషాలు, అంటే 513 గంటలు. బడి ఏడాది పొడుగునా చెప్పే చదువులో సగానికి పైగా కాలం బస్సులోనే పోయింది. ఆ బడికి ఎంత పేరున్నా, ఆ 513 గంటల్ని తిరిగి ఇవ్వగలదా? అదే పిల్లాడు ఆ టైములో నిద్రపోతే, ఆడుకుంటే, అమ్మమ్మతో కబుర్లు చెబితే ఎంత ఎదుగుతాడు!

మన విజయనగరంలో ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే, ఊరు పెద్దగా చెదిరిపోలేదు. గంటస్తంభం దగ్గర నిలబడి ఎటు నడిచినా ఊరు త్వరగానే చేతికందుతుంది. కంటోన్మెంటు అటు, కోట ఇటు, పెద్దచెరువు పక్కనే. ఇలాంటి ఊళ్లో ఉంటూ కూడా పిల్లల్ని ఏడింటికే బస్సెక్కించేవాళ్లు ఉన్నారంటే నాకు బాధేస్తుంది. రింగురోడ్డు అవతల కొత్త అపార్టుమెంట్లు బాగుంటాయి, గాలీ వెలుతురూ ఉంటాయి, కాదనను. కానీ దగ్గర్లో బడి లేకపోతే ఆ గాలి మీరు పీలుస్తారు, మీ పిల్లలు డీజిల్ పొగ పీలుస్తారు.

మన విజయనగరాన్ని విద్యలనగరం అన్నారు. 1857లో మహారాజావారు బడి పెట్టారు, 1879కి అది కాలేజీ అయింది. గురజాడ అప్పారావుగారు పుట్టింది ఇక్కడ కాదు. మొదట చీపురుపల్లిలో చదువుకున్నారు, తండ్రి పోయాక ఈ ఊరు వచ్చారు. మహారాజా కాలేజీ ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రిగారు ఆ అబ్బాయికి ఉండడానికి చోటిచ్చి, తిండి పెట్టి చదివించారు. గిడుగు రామమూర్తిగారిదీ ఈ ఊరు కాదు, శ్రీకాకుళం వైపు పర్వతాలపేట. ఆయనా చదువుకే వచ్చి మహారాజావారి బడిలో చేరారు. వాళ్లిద్దరూ సహాధ్యాయులు. బయటి ఊరి నుంచి చదువుకి వచ్చిన పిల్లల్ని ఈ ఊరు కొత్తగా చూడటం లేదు. గురజాడకి బడితో పాటు ఒక ఇల్లు, ఆ ఇంట్లో పట్టించుకునే పెద్దమనిషి దొరికారు. మీ పిల్లలకి కావలసిందీ అదే.

శ్రీకాకుళంలో చేరబోయేవాళ్లు కూడా కొందరున్నారు కదా. అక్కడ ఇంకో సంగతి చూడండి. మధ్యలో నాగావళి ఉంది. మేం ఉన్నప్పుడు ఇల్లు ఏటికి ఒక పక్క, బడి ఇంకో పక్క. పొద్దున్న వంతెన మీద రద్దీ ఎలా ఉంటుందో సెలవుల్లో ఇల్లు చూసినప్పుడు మాకు తెలియలేదు. వీలైతే వంతెన దాటే పని లేకుండా బడి చూసుకోండి. ఏ ఊళ్లోనైనా ఇల్లు చూసేటప్పుడు ఇంటివారిని కాదు, వీధి చివర కిరాణా కొట్టాయన్ని అడగండి, అక్టోబరు వానలకి ఈ రోడ్డు మీద నీళ్లు ఎంత నిలుస్తాయని. మనకి 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. ఆ నెలలో పిల్లలు మోకాలి లోతు నీళ్లలో బడికి పోయే వీధి అయితే, అద్దె ఎంత తక్కువైనా వద్దు.

ఇక బడి. బడిని ఎలా చూడాలి?

అడ్మిషన్ కౌంటర్ దగ్గర చూస్తే ఏమీ తెలియదు. అక్కడ ఏసీ గది ఉంటుంది, నవ్వుతూ మాట్లాడే అమ్మాయి ఉంటుంది, గోడ నిండా ర్యాంకుల ఫ్లెక్సీలుంటాయి. ఆ ఫ్లెక్సీలో ఫొటోలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఆ ఏడాది మొత్తం ఎంతమంది పరీక్ష రాశారో అడగండి. చెబితే మంచిదే. తర్వాత బయటికొచ్చి, సాయంత్రం బడి వదిలే వేళకి గేటు దగ్గర నిలబడండి. ఎవరితోనూ మాట్లాడొద్దు, ఊరికే చూడండి. పిల్లలు పరిగెత్తుకుంటూ వస్తున్నారా, కాళ్లీడ్చుకుంటూ వస్తున్నారా? టీచరు గేటు దగ్గరుంటే పిల్లలు ఆవిడ చెయ్యి పట్టుకుని ఏదైనా చెబుతున్నారా, లేక తల దించుకుని పక్కనుంచి పోతున్నారా? పావుగంటలో మీకు అంతా అర్థమైపోతుంది.

తెలిసినవాళ్ల పిల్లలు ఆ బడిలో ఉంటే వాళ్ల నోటు పుస్తకం ఒకటి అడిగి తీసుకోండి. ఫస్టు ర్యాంకు పిల్లది కాదు, మధ్యస్తంగా చదివే పిల్లాడిది కావాలి. ఎర్ర ఇంకు ఎలా ఉందో చూడండి. పేజీకో టిక్కు పెట్టి సంతకం చేశారంటే టీచరుకి టైము లేదన్న మాట. తప్పు లెక్క దగ్గర ఎక్కడ తప్పిందో గుర్తు పెట్టి, పిల్లాడు మళ్లీ చేశాక దాన్ని కూడా దిద్దారంటే, ఆ బడిలో చదువు చెబుతున్నారు. ఇంకొకటి అడగండి: ఈ తరగతికి లెక్కలు చెప్పే టీచరు ఎన్నేళ్ల నుంచి ఉన్నారు? ఏడాదికి ముగ్గురు మారిపోయే బడిలో పిల్లలకి ఎవరి పద్ధతీ పట్టుబడదు. తరగతికి ఎంతమందో కూడా అడగండి. అయిదో తరగతి వరకు 30 మందికి ఒక టీచరు, ఆరు నుంచి ఎనిమిది వరకు 35 మందికి ఒకరు ఉండాలని చట్టంలోనే ఉంది. బాత్రూములు తప్పకుండా చూడండి, ముఖ్యంగా ఆడపిల్లల తల్లులు. బాత్రూము బాగాలేదని సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉండే పిల్లల్ని నేను ఎంతమందిని చూశానో చెప్పలేను.

కొన్ని బడుల్లో ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్, ఒలింపియాడ్ బ్యాచ్ అంటారు. పొద్దున్న ఏడున్నరకి మొదలుపెట్టి సాయంత్రం ఆరున్నర దాకా స్టడీ అవర్లు నడుపుతారు. పదకొండేళ్ల పిల్లకి పదకొండు గంటల డ్యూటీ అది. మన ఆఫీసుల్లో మనం అంతసేపు ఉంటామా? నా పాతికేళ్ల హైస్కూలు అనుభవంతో చెబుతున్నాను, ఆరో తరగతిలో భిన్నాలు సరిగ్గా అర్థమైన పిల్లాడికి తర్వాత ఏదైనా వస్తుంది. భిన్నాలు రాకుండా ఫౌండేషన్ పుస్తకాలు మోసినవాళ్లు తొమ్మిదిలో నా దగ్గరికి వచ్చి ఏడ్చారు.

ప్రభుత్వ బడిని చూడకుండానే వదిలేయొద్దని కూడా నా విన్నపం. అన్నీ బాగుంటాయని చెప్పను, అందులోనే జీవితమంతా పని చేశాను కాబట్టి లోపాలు నాకే ఎక్కువ తెలుసు. కానీ మీ ఇంటికి పది నిమిషాల్లో ఉన్న హైస్కూల్లో అన్ని సబ్జెక్టులకీ టీచర్లుండి, హెడ్మాస్టరు గట్టివాడైతే, ఊరవతల బడి కంటే అదే మంచిది కావచ్చు. వెళ్లి ఖాళీలు ఎన్ని ఉన్నాయో అడగండి, చెబుతారు. వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లకి ఇంకో లాభం కూడా ఉంది. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీ తెలుగులో ఉంటుంది. దాని సంగతి మళ్లీ చెబుతాను.

ఇప్పుడు కాగితాల విషయం. విసుగ్గా ఉంటుంది గానీ జాగ్రత్తగా వినండి, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు.

మొదటిది టీసీ. మేం ఒకసారి బదిలీ అయినప్పుడు పాత బడివాళ్లు, "వచ్చే ఏడాది టర్మ్ ఫీజు కూడా కడితేనే టీసీ" అన్నారు. పాప ఐదో తరగతిలో చేరాలి, కొత్త బడి టీసీ అడుగుతోంది. నేను టీచర్ని అయ్యుండి కూడా చట్టం ఏమంటుందో అప్పుడు నాకు తెలియదు, డబ్బు కట్టేశాను. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఎనిమిదో తరగతి లోపు పిల్లలు బడి మారతామంటే హెడ్మాస్టరు వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడిగానీ ఎయిడెడ్ బడిగానీ చేర్చుకోను అనకూడదు. నవోదయ, సైనిక్ స్కూలు లాంటివి తప్ప ఏ బడీ చేర్చుకునేటప్పుడు పిల్లలకీ తల్లిదండ్రులకీ ప్రవేశ పరీక్షలు పెట్టకూడదు, డొనేషన్ తీసుకోకూడదు. ఈ మాట మర్యాదగా, నిలకడగా చెప్పండి. వినకపోతే మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకి వెళ్లండి.

టీసీ చేతికొచ్చినా పని అయిపోదు. ఇప్పుడు ప్రతి పిల్లాడి వివరాలూ యూడైస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ జాబితాలో ఉంటాయి, వాడికో పెన్ నంబరు, అంటే బడి మారినా మారని విద్యార్థి నంబరు, ఉంటుంది. పాత బడివాళ్లు పిల్లాణ్ణి తమ లిస్టులోంచి తీసి, బడి మారే పిల్లల కోసం అందులోనే ఉన్న డ్రాప్ బాక్స్‌లో పెడితేనే కొత్త బడివాళ్లు లాగి తమ తరగతిలో చేర్చుకోగలరు. పాత బడివాళ్లు ఆ పని మరిచిపోతే, పిల్లాడు ఇక్కడ కూర్చుని చదువుతున్నా లెక్కలో అక్కడే ఉంటాడు. హెడ్మిస్ట్రెస్‌గా నేను హైదరాబాదుకీ బెంగుళూరుకీ ఎన్ని ఫోన్లు చేశానో ఈ ఒక్క పనికి! ఊరు వదిలే రోజునే అక్కడి బడికి వెళ్లి "డ్రాప్ బాక్స్‌లో పెట్టేశారా?" అని అడిగి, స్క్రీన్ మీద చూసి రండి. పెన్ నంబరు ఒక కాగితం మీద రాసుకోండి. ఇప్పటికే వచ్చేసినవాళ్లు రేపు పొద్దున్నే ఫోన్ చేయండి.

రెండోది స్టడీ సర్టిఫికెట్. పిల్లలు చిన్నవాళ్లే కదా అనుకోవద్దు. మన రాష్ట్రంలో ఇంజినీరింగ్, మెడిసిన్ సీట్లలో 85 శాతం స్థానికులవి. ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, ఈ ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతంలో చదివి ఉంటే ఇక్కడ స్థానికులే. శ్రీకాకుళం నుంచి గుంటూరు, ఒంగోలు దాకా అదంతా ఒకే ప్రాంతం, లోపల ఎన్ని ఊళ్లు మారినా ఫర్వాలేదు. కానీ బెంగుళూరులోనో చెన్నైలోనో పదో తరగతి దాకా చదివించి, ఇంటర్‌కి ఇక్కడికి తెస్తే లెక్క మారిపోతుంది. కాబట్టి తిరిగి వచ్చే ఆలోచన ఉన్నవాళ్లు తొమ్మిదో తరగతి మొదలయ్యేలోపే రండి. ఉద్యోగాల నోటిఫికేషన్లలో పదో తరగతి దాకా ఎక్కడ చదివారో అడుగుతారు. అందుకే నాలుగు నుంచి పది వరకు ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్ ఆ బడి వదిలే రోజునే తీసుకుని ఫైల్లో పెట్టండి. పదేళ్ల తర్వాత వెళితే ఆ ప్రైవేటు బడి ఉండకపోవచ్చు. టీచరు పోస్టుల డీఎస్సీకి దరఖాస్తు పెట్టాల్సి వచ్చినప్పుడు నా పాత విద్యార్థిని ఒకమ్మాయి, మూతపడిన బడి రికార్డుల కోసం ఆఫీసుల చుట్టూ పదకొండు రోజులు తిరిగింది.

తొమ్మిదికీ పదికీ మధ్య మాత్రం బడి మార్చొద్దు. బదిలీ తప్పకపోతే, ఆ ఒక్క ఏడాదీ పిల్లని తల్లితో అక్కడే ఉంచి పది పూర్తి చేయించండి. సీబీఎస్ఈలో అయితే పదో తరగతిలో నేరుగా చేర్చుకోవడానికి బోర్డు అనుమతి కూడా కావాలి. సీబీఎస్ఈ బడులు ఏప్రిల్లోనే మొదలవుతాయి, మన స్టేట్ సిలబస్ బడులు జూన్ 12న తెరుస్తారు. అది చూసుకోకుండా జూన్‌లో దిగితే కొన్ని పాఠాలు అప్పటికే అయిపోయి ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి ఇక్కడ కేంద్రీయ విద్యాలయం ఉంది. మీ బదిలీ ఆర్డరు, పిల్లాడి కేవీ టీసీ పట్టుకుని వెళ్లండి.

నవోదయ గురించి ఇద్దరు అడిగారు. మన జిల్లా నవోదయ కిల్తంపాలెంలో, శ్రీకాకుళం వాళ్లది వెన్నెలవలసలో ఉంది. ఆరో తరగతి ప్రవేశానికి పిల్లాడు ఐదో తరగతి ఆ జిల్లాలోనే చదువుతూ ఉండాలి. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలవి. మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో ఒక్క రోజు పట్టణంలోని బడిలో చదివినా పట్టణ విద్యార్థి కిందే లెక్క. మీరు పల్లెలో పని చేస్తూ, పిల్లాణ్ణి నాలుగో తరగతికి టౌన్లో వేసి, తర్వాత నవోదయ అనుకుంటే కష్టం. కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచి ఉంది, ఆరుకీ తొమ్మిదికీ ప్రవేశ పరీక్ష. అది హాస్టలు బడి, దానికోసం ఇల్లు అటువైపు తీసుకోనక్కర్లేదు.

తక్కువ ఆదాయం ఉన్న, వెనకబడిన వర్గాల కుటుంబాలకి ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు ఉచితం. ఇంటికి బడి ఎంత దూరమో చూసి ఇస్తారు కాబట్టి కొత్త ఇంటి చిరునామాతో కాగితాలు త్వరగా మార్పించుకోండి. ఇది మీకు కాకపోయినా మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి చెప్పండి. ఆ అమ్మాయి పిల్లలకి పనికొస్తుంది.

ఇప్పుడు తెలుగు సంగతి. మా బడిలో ఒక పాప ఆరో తరగతిలో చేరింది, బెంగుళూరు నుంచి. వాళ్ల నాన్నకి ఇక్కడ ఉద్యోగం వచ్చింది. ఇంగ్లీషు గలగలా మాట్లాడేది, లెక్కల్లో చురుకు. తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. తెలుగు పీరియడ్ వచ్చిందంటే పెన్సిల్ కింద పడేసుకుని, దాన్ని వెతుకుతున్నట్టు బల్ల కిందే ఉండిపోయేది. ఒకరోజు పక్కపిల్ల, "ఏటే, అ ఆలు రావేటి నీకు?" అని అడిగేసింది. కావాలని అన్న మాట కాదు, ఆ పిల్లకి నిజంగా ఆశ్చర్యమేసింది. మర్నాటి నుంచి పాపకి కడుపునొప్పి. మూడు రోజులు బడికి రాలేదు.

వాళ్ల నాన్న తెలుగు ట్యూషన్ మాస్టరు కావాలని వచ్చారు. నేను ఆయనకి ఒకటే చెప్పాను. "ట్యూషన్ వద్దు బాబూ. రోజూ సాయంత్రం గంటస్తంభం దగ్గర పాప చెయ్యి పట్టుకోండి. మూడు లాంతర్ల కూడలి మీదుగా కోట దాకా నడవండి. దారి పొడుగునా కొట్ల బోర్డులు చదివించండి. రాని అక్షరం దగ్గర ఆగి మీరు చెప్పండి." ఆయన మంచి మనిషి, నెల రోజులు అలాగే నడిచారు. బట్టల కొట్టు, మందుల షాపు, స్వీట్ల దుకాణం, పైడితల్లి అమ్మవారి గుడి మీద రాసినవీ అన్నీ చదివించారు. బడిలో పుస్తకం ఇంగ్లీషు పేజీ మొదట చదివి, తర్వాత ఎదురు తెలుగు పేజీలో అదే మాట వెతకమనేదాన్ని. పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ వచ్చేసరికి ఆ పాప, ముందు "అ ఆలు రావేటి" అన్న పిల్లతోనే కలిసి, దానికి ముందు రోజు జరిగే తొలేళ్ల సంబరానికి వెళ్లి వచ్చి దాని గురించి తెలుగులో అరపేజీ రాసింది. తప్పులున్నాయి, ఒత్తులు సగం లేవు. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది.

అది ఎలా కుదిరిందో గమనించారా? వాళ్లిల్లు ఊళ్లో ఉంది, ఆ నాన్న ఆరింటికల్లా ఇంటికొచ్చేవాడు. ఇల్లు ఇరవై కిలోమీటర్ల అవతల ఉండి, పాప ఏడింటికి బస్సు దిగి ఉంటే ఆ నడక ఎప్పుడు నడుస్తారు?

టైము అవుతోందని అక్కడ సైగ చేస్తున్నారు. ప్రశ్నలు ఉంటే తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం, నేను ఇక్కడే ఉంటాను. ఒక్క మాట చెప్పి ఆపుతాను. ఇల్లు చూడ్డానికి అందరూ ఆదివారం పోతారు. ఆదివారం రోడ్లు ఖాళీగా ఉంటాయి, బడి గేటు మూసి ఉంటుంది. ఆ దూరం ఎంతో ఆ రోజు మీకు తెలియదు. రేపు సోమవారం. నేను ఎనిమిదింపావుకి గంటస్తంభం దగ్గర ఉంటాను. ఇళ్లు చూస్తున్నవాళ్లు వచ్చేయండి, మీరు అనుకున్న ఇంటి నుంచి మీరు అనుకున్న బడికి కలిసి నడుద్దాం. పిల్లల్ని కూడా తీసుకురండి, పుస్తకాల సంచీతో సహా. వాళ్ల అడుగుతో నడిస్తే ఎన్ని నిమిషాలు పడుతుందో అప్పుడు చూద్దాం.